అత్తకు బీపీ చూసిన రోజు

నాకు కోపం ఎక్కువ. గొంతు దానికంటే ఎక్కువ. నిజామాబాద్‌లో నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. మా కాలేజీ గోడ అవతల ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన ఒకసారి నన్ను ఆపి, "మేడం, నిన్న మీరు చెప్పిన మలేరియా పాఠం మస్తుగుండె. ఇంటికి పోంగ పోంగ దోమతెర కొనుకపోయిన" అన్నాడు. స్టాఫ్‌రూంలో నన్ను ఏడిపించడానికి ఈ ఒక్క సంగతి చాలు, ఇప్పటికీ వాడుకుంటున్నారు.

అంత గొంతు పెట్టుకుని కూడా ఒక పాఠం దగ్గర మాత్రం నా పప్పులు ఉడికేవి కావు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లను ఆసుపత్రిలో ఎలా గుర్తుపట్టాలి అన్నది ఆ పాఠం. నేను స్లైడ్లు వేసేదాన్ని, పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు, పరీక్షలో పొల్లు పోకుండా అప్పజెప్పేవాళ్లు. తీరా వార్డుకు తీసుకెళితే, కన్ను వాచి మాట పెగలక కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లి, పేరు, వయసు, జ్వరం రాసుకుని చక్కా వచ్చేసేవాళ్లు. "ఆ కన్నుకేమైందని అడిగావా?" అంటే, "వాళ్లత్త చెప్పింది మేడం, తలుపు తాకిందంట" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ మంటలోనే ఒకరోజు స్లైడ్లు కట్టిపెట్టి బెంచీలు గోడకు నెట్టించాను. ప్రాక్టికల్ గదిలోని ఇనుప మంచం తెచ్చి మధ్యలో వేయించాను, పక్కన ఒక స్టూలు. ఒక పిల్ల పేషెంటు, ఒక పిల్ల నర్సు, ఒక పిల్ల పేషెంటుకు తోడు వచ్చిన మనిషి. ఇంట్లో ఏం జరిగిందో పేషెంటుకు తెలుసు, నర్సుకు తెలియదు. తోడు వచ్చిన మనిషి ఆ సంగతి బయటపడకుండా చూడాలి. చూస్తున్న వాళ్లలో ఎవరికైనా నర్సు తప్పు చేస్తోందని అనిపిస్తే చప్పట్లు కొట్టాలి. కొట్టినవాళ్లే లేచి వచ్చి నర్సు స్థానంలో నిలబడాలి. ఊరికే కూర్చుని వంకలు పెట్టడం కుదరదన్నమాట.

దెబ్బలు కూడా మేమే తయారుచేసుకున్నాం. కొత్తగా కమిలిన దెబ్బకు కుంకుమలో కాటుక, పాతబడుతున్న దానికి పసుపులో కాస్త ఆకుపచ్చ రంగు. పసుపు తెచ్చింది నందిపేట్ నుంచి వచ్చిన పిల్ల. వాళ్లది పసుపు పండించే ఇల్లు. "అంగట్ల పసుపు ఒద్దు మేడం, మా ఇంటిది తెస్త, జిందగీల పోదు" అంది. అన్నట్టే అది పోలేదు. ఆ సాయంత్రం హాస్టల్ వార్డెన్ నుంచి నాకు ఫోను. "మేడం, పిల్లలను ఎవడో కొట్టిండు! ఒక్కదానికి కాదు, అందరికీ! ఒక్కతీ పేరు చెప్తలేదు, నవ్వుతున్నరు!" అని ఆమె వణికిపోతోంది. నేను సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు క్లాసులో, "మన పాఠం వార్డెన్ అక్క ఒక్కతే మంచిగ నేర్చుకుంది. చూడగానే ఎవడు కొట్టిండని అడిగింది. మీకెందుకు రాదే ఆ మాట?" అని అందరినీ వాయించాను.

ఎందుకు రాదో కూడా ఆ మంచం పక్కనే తెలిసింది. మా వైపు ఆడవాళ్లు దవాఖానకు ఒంటరిగా రారు. వెంట అత్తో, ఆడబిడ్డో, మొగుడో ఉంటారు. పెద్దవాళ్లు ఉన్నచోట చిన్నవాళ్లతో ముందు మాట్లాడడం మర్యాద కాదు. నర్సుగా నిలబడ్డ ప్రతి పిల్లా మంచం మీది మనిషిని వదిలేసి, స్టూలు మీది పెద్దమనిషి వైపు తిరిగి, "ఏమైందవ్వా?" అని అడిగేది. అవ్వ ఏం చెబితే అదే కేసు.

"పేషెంటు ఎవరే? మంచమ్మీద ఉన్నదా, స్టూలు మీద ఉన్నదా?" అని అరిచాను.

"పెద్దమనిషి కూసోంగ కోడల్ని అడిగితె మంచిగుంటదా మేడం? బలుపు అనుకోరా?" అన్నారు.

వాళ్లు చెప్పిందీ నిజమే. వాళ్ల ఇళ్లలో అలాగే పెంచారు, మా ఇంట్లో నన్నూ అలాగే పెంచారు. అందుకని అసలు పని వేరే ఉందని తేలింది. పెద్దమనిషి మనసు నొప్పించకుండా ఆమెను స్టూలు మీంచి లేపడం, ఆ తర్వాతే మంచం మీది మనిషితో మాట. ఇక మా ఆట అంతా అత్తను లేపడం మీదే నడిచింది.

అత్త వేషం నందిపేట్ పిల్లది. ఆ వేషం ఇంకెవరికీ ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. చున్నీని కొంగులా నెత్తిన కప్పుకుని, కాళ్లు చాపుకుని, నోట్లో లేని ఆకువక్క నములుతూ కూర్చునేది. నర్సు వచ్చి నోరు తెరవకముందే, "జారి పడ్డది బిడ్డా. దీనికి కండ్లు నెత్తికెక్కినయి, కింద సూడదు" అనేది. క్లాసంతా పగలబడి నవ్వేది. చీటీ రాయించుకు రమ్మని పంపితే, "నా కొడుకు తెస్తడు." ఛాయ్ తాగిరా అవ్వా అంటే, "నేను మందికాడ తాగ." డాక్టరు పిలుస్తున్నాడంటే, "గాయిననే ఈడికి రమ్మను, నా కాళ్లు గుంజుతున్నయి." ఎవరు ఎన్ని ఎత్తులు వేసినా స్టూలు ఖాళీ కాలేదు. సీరియళ్లలో అత్తలు కూడా ఈ పిల్ల దగ్గర పాఠం నేర్చుకోవాలి. నేను అరవాల్సింది పోయి, కడుపు పట్టుకుని ఒక మూల కూర్చున్నాను.

చివరికి ఎవరూ తోయకుండానే మాక్లూర్ నుంచి వచ్చిన అమ్మాయి లేచింది. ఈమె నోట్లోంచి మాట రావాలంటే గగనం. హాజరు పిలిస్తే కూడా చెయ్యి ఎత్తుతుందే తప్ప పలకదు. వచ్చి మంచం పక్కన నిలబడింది. అనుకుని వచ్చిన మాటలన్నీ మరిచిపోయినట్టుంది, చెమటలు పట్టాయి. అత్త కళ్లెర్రజేసి చూస్తోంది. ఈ పిల్ల ఆ మొహంలోకి చూసి, భయంతోనే, "అవ్వా, నీ మొఖం అట్లున్నదేంది? బీపీ సూపిచ్చుకున్నవా?" అంది.

అత్త వేషంలో ఉన్న పిల్ల ఆకువక్క నమలడం ఆపేసింది. "నన్నా?" అంది. లేచి కొంగు సర్దుకుని, మాక్లూర్ అమ్మాయి చెయ్యి పట్టుకుని బుద్ధిగా గుమ్మం దాకా నడిచింది. క్లాసంతా చప్పట్లు. "ఎందుకు లేచావే?" అని అడిగాను.

"ఏం జెయ్యాలె మేడం, మా నాయినమ్మ యాదికొచ్చింది. ఆమెను ఎవలన్న నీ పానం ఎట్లున్నదని అడిగితె సాలు, ఎంబడి ఎటన్న పోతది" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మాకు బోధన్ వైపు ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో పని నేర్చుకునే వంతు వచ్చింది. నేను పుట్టి పెరిగింది బోధన్‌లోనే, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల పక్క వీధిలో. బస్సులో పోతున్నంతసేపూ పిల్లలకు మా ఊరి గొప్పలు చెప్పాను. ముందు పోతున్న చెరుకు ట్రాక్టరు మాకు దారి ఇవ్వక, కిటికీల్లోంచి ఆకులు లోపలికి వచ్చి పిల్లల మొహాలకు తగులుతుంటే కేకలు వేశారు. "ఏడవకండి, చెరుకు ఆకు గీరితే ఎలా ఉంటుందో చూసుకోండి. సన్నగా, పొడుగ్గా గీత పడుతుంది. రేపు ఎవరైనా చేతి మీద వేళ్ల అచ్చులు చూపించి చెరుకు గీరిందంటే నమ్మేరు" అని అక్కడా పాఠం పెట్టాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి తల కొట్టుకున్నాడు.

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక చిన్న వయసు ఆవిడ ఉంది. ఎడమ చేతికి సిమెంటు కట్టు. కట్టుకు పైన, జబ్బ మీద, నాలుగు వేళ్ల గుర్తులు కమిలి ఉన్నాయి. స్టూలు మీద అత్త. ఎండకు నల్లబడ్డ మొహం, చెరుకు కోతకు పోయే చేతులు. మేము మంచం దగ్గరికి చేరామో లేదో, "చెరుకు తోటకాడ కాలువ ఒడ్డుకు జారి పడ్డది బిడ్డా" అంది. ఎవరూ ఇంకా ఏమీ అడగలేదు.

నందిపేట్ పిల్ల నా వైపు చూసింది. తను క్లాసులో చెప్పిన మాటలే నిజం మనిషి నోట వినేసరికి, నవ్వాలో భయపడాలో తెలియక పెదవి కొరుక్కుంటోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే డిశ్చార్జి అనీ, మొగుడు ఆటో తీసుకుని వస్తాడనీ వార్డు నర్సు చెప్పింది. ఈలోగా ఎవరూ అడగకపోతే ఆ అమ్మాయి మళ్లీ ఆ ఇంటికే వెళుతుంది. ఇంకోసారి చేతికే దెబ్బ తగులుతుందని, ఆసుపత్రి దాకా రాగలుగుతుందని ఏం నమ్మకం?

నందిపేట్ పిల్లనూ మాక్లూర్ అమ్మాయినీ వరండాలోకి పిలిచి, ఎవరు ఏం చేస్తారని అడిగాను. "అవ్వను నేను లేపుత మేడం. గామె గురించి నాకు ఎర్కే గద" అంది నందిపేట్ పిల్ల. అత్త వేషం వేసీ వేసీ అత్తలందరూ తనకు చుట్టాలైనట్టు మాట్లాడింది. కోడలి దగ్గర మాక్లూర్ అమ్మాయి అనుకున్నాం. లోపలికి రాగానే నందిపేట్ పిల్ల మొదలుపెట్టింది.

"అవ్వా, దా, నీ బీపీ గూడ సూస్త. నీ మొఖం వాడిపోయిందేంది?"

"నాకేమైంది బిడ్డా, నేను గట్టిగనే ఉన్న" అంటూనే అవ్వ లేచింది. కోడలి వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుని, వార్డు చివర గుడ్డ తెర వెనకకు నడిచింది. పాఠం పని చేసినందుకు లోలోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం పెద్ద టీచరులా మొహం పెట్టుకుని నర్సు బల్ల దగ్గర నిలబడ్డాను.

మాక్లూర్ అమ్మాయి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. మేము క్లాసులో పదే పదే అనుకున్న మాటల్ని తనదైన చిన్న గొంతుతో అడిగింది. "అక్కా, ఈ దెబ్బ సూస్తె పడ్డట్టు లేదు. ఇంట్ల ఎవలన్న కొడుతున్నరా? నువ్వు ఒద్దంటె నేను ఎవ్వలకు చెప్ప."

"పడ్డ" అంది ఆమె. గోడ వైపు తిరిగింది.

నాకు ఆమెను భుజం పట్టి ఇటు తిప్పాలనిపించింది. నిజం చెప్పవే తల్లీ, సాయంత్రం దాకానే టైముంది అని నా గొంతుతో అరవాలనిపించింది. మాక్లూర్ అమ్మాయికి నాకంటే బుద్ధి ఉంది. ఒత్తిడి చేయలేదు. "సరే అక్కా. చెప్పబుద్ధైతె పిలువు, నేను ఈడనే ఉంట" అని, దుప్పటి సర్ది, అక్కడే కూర్చుంది. క్లాసులో నేర్పింది అదే. నేర్పినదాన్ని నేను, తట్టుకోలేకపోతున్నది కూడా నేనే.

తెర వెనక నుంచి మాటలు వినపడడం లేదు. ఎప్పుడూ వసపిట్టలా వాగే పిల్ల చప్పుడు చేయకుండా ఉందంటే ఏదో జరిగిందని అర్థమై అటు వెళ్లాను. బీపీ చూడడానికి రవిక చెయ్యి పైకి జరిపినట్టున్నారు. అవ్వ జబ్బ మీద అరచెయ్యంత మరక. అంచుల్లో పసుపు, మధ్యలో ఆకుపచ్చ. మేము గిన్నెల్లో కలిపి పూసుకున్న రంగే. ఇది కడిగితే పోయేది కాదు.

నందిపేట్ పిల్ల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కోడలిని అడగాల్సిన ప్రశ్నను, ఎవరూ చెప్పకుండానే, అత్తను అడిగింది. "అవ్వా, నిన్ను గూడ ఎవలన్న కొడుతున్నరా?"

అవ్వ చేతికి చుట్టిన బీపీ పట్టీని సర్దుకుంది. "నా కొడుకే బిడ్డా" అంది. "తాగొచ్చి దాన్ని కొడుతుంటె నడుమ పోయిన. నడుమ పోయినందుకు నాకు గింత."

"మరి జారి పడ్డదని ఎందుకు చెప్పినవ్ అవ్వా?"

"నేను ఈడ కూసోకపోతె వాడొచ్చి కూసుంటడు. నేనుంటె పిల్ల జర కండ్లు మూసి పండుకుంటది. చెప్తె ఇంటికి పోయినంక ఎవలు కాపాడుతరు బిడ్డా? మీరొస్తరా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ కొడుకు మీద కోపమొచ్చింది. ఆ ప్రశ్న అడిగిన పిల్లను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఇన్నాళ్లు మేము ఆడిన ఆటలో అత్తను లేపడానికి వంద ఎత్తులు ఆలోచించాం. లేపిన తర్వాత ఆమెను కూర్చోబెట్టి ఏం అడగాలో ఒక్కరమూ అనుకోలేదు. నందిపేట్ పిల్ల నా మనసులో మాటే అంది. "మేడం, ఇన్ని దినాలు నేను అత్త ఏషం ఏసిన. ఆమెను కొడతరని నాకు ఒక్కసారి గూడ తట్టలే."

"ఇంటికి పోయాక కాపాడడం కాదవ్వా, ఇవాళ ఇంటికి పోకుండా చూస్తాం. డాక్టరుకు చెప్పమంటావా?" అని అడిగాను. నా జీవితంలో అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడి ఉండను. అవ్వ తల ఊపింది.

బీపీ కూడా నిజంగానే బాగా ఎక్కువ ఉంది. అత్తను లేపే ఎత్తుగా చూసిన బీపీ మాకు పెద్ద సాయం చేసింది. డ్యూటీ డాక్టరమ్మ సంగతి విని, కోడలి డిశ్చార్జి ఆపేసింది. అత్తను కూడా చేర్చుకుని పక్క మంచం ఇచ్చింది. ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి ఫోను చేయించి, గేటు దగ్గర ఉండే కానిస్టేబుల్‌కు కూడా చెప్పి పెట్టింది. మొగుడు సాయంత్రం ఆటో తెచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు. "మీ అమ్మకు బీపీ, ఎవ్వర్నీ చూడనియ్యరు" అని వాచ్‌మన్ చెబుతుంటే, పక్కన కానిస్టేబుల్ మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఆటో వచ్చిన దారినే వెళ్లింది.

అంతకు ముందే అవ్వ తన మంచం వదిలి కోడలి మంచం మీదకు చేరింది. గోడ వైపు తిరిగి పడుకున్న ఆమె వీపు మీద చెయ్యి వేసి, "నేను చెప్పిన బిడ్డా. ఇగ నువ్వు గూడ చెప్పు" అంది.

కోడలు చివ్వున ఇటు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాం. కోపంతో మొహం ఎర్రబడిపోయింది. "ఇన్ని దినాలు నోరు మూసుకొమ్మంటివి గద అత్తా!"

"అన్న. ఇప్పుడు తెరువుమంటున్న" అంది అవ్వ.

అప్పుడు ఏడ్చింది కోడలు. ఏడుస్తూనే చెప్పింది, పెళ్లయిన కొత్తల నుంచి చెయ్యి విరిగిన రోజు దాకా అంతా. మాక్లూర్ అమ్మాయి ఆమె బాగున్న చేతిని పట్టుకుని ఒక్క మాటతోనూ అడ్డం రాకుండా విన్నది. మధ్యలో ఎక్కడో కోడలు అత్త మీద చాడీలు కూడా చెప్పింది, కూరలో ఉప్పు ఎక్కువేస్తదని. అవ్వ అక్కడే కూర్చుని, "గది మాత్రం అబద్ధం బిడ్డా, రాసుకోకు" అంది. చుట్టూ మంచాల మీది ఆడవాళ్లు కూడా నవ్వారు.

సాయం కేంద్రం నుంచి ఒకావిడ వచ్చింది. నెమ్మదైన మనిషి. ఎక్కడ ఉంటారమ్మా అని అడిగితే, కోడలు నందిపేట్ దగ్గర తల్లిగారింటికి పోతానంది. "మా అత్తను గూడ తోల్కపోత. గా ఇంట్ల ఒక్కదాన్ని ఇడిశిపెడితె సంపుతడు" అంది. అలిగి పుట్టింటికి పోయిన కోడళ్లను ఎంతమందినో చూశాను. అత్తను వెంటబెట్టుకుని పోతానన్న కోడలిని అప్పుడే చూశాను. నందిపేట్ పిల్ల అయితే ఆ ఊరు ఏదో అడిగి తెలుసుకుని, మా ఇంటికి దగ్గరే, బస్సు దిగంగానే మా బాపు వస్తడు అని అప్పుడే ఏర్పాట్లు మొదలుపెట్టింది.

తర్వాత ఆవిడ ఫిర్యాదు ఎవరి పేరు మీద రాయమంటారని అడిగింది. కోడలు తలెత్తింది. ఆమె ఇంకా ఏమీ అనకముందే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుగల నాది రాయి బిడ్డా. వాడు నా కడుపున పుట్టిండు. వాన్ని మొదలు అడగాల్సింది నేను."

ఆవిడ కాగితం మీద అవ్వ పేరు రాయబోయింది. ఆపింది కోడలే. కట్టు లేని చేత్తో అత్త కొంగు పట్టి గుంజి, "బీపీ గోలి ఏసుకో ముందు. పానం మంచిగుంటెనే రాపిద్దువు" అంది. గోలీ కోసం మా పిల్లలిద్దరూ ఒక్కసారే పరుగెత్తి గుమ్మంలో ఒకరినొకరు గుద్దుకున్నారు.